తెల్ల జాగిలం వంశరక్షణ: రాజపాలయం, ఐర్లాండు సంప్రదాయాలు

పడమటి కనుమల పాదాన, ఆముక్తమాల్యద వల్ల తెలుగువారికి చిరపరిచితమైన శ్రీవిల్లిపుత్తూరుకు చేరువలో, తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో రాజపాలయం ఉంది. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన రాజుల కుటుంబాలు నేటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటాయి. ఆ భాషలాగే, ఊరి పేరునే ధరించిన వేటజాగిలం పెంపకం కూడా ఆ ప్రాంతంలో తరతరాలుగా సాగుతూ వచ్చింది. రాతి కట్టడాన్ని ఒకసారి కడితే చాలాకాలం నిలుస్తుంది కాని, జంతుజాతిని ప్రతి ఈతలోనూ మళ్లీ నిలబెట్టుకోవాలి.

రాజపాలయం జాగిలం వాసన కన్నా చూపు మీద, వేగం మీద ఎక్కువగా ఆధారపడి వేటాడుతుంది. సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, లోతైన ఛాతీ, లోపలికి లాగినట్లుండే పొట్ట, పొడవాటి కాళ్లు దానికి పరుగునిస్తాయి. అడవిపందుల వేటకూ, పొలాల కాపలాకూ, ఇంటి రక్షణకూ పనికివచ్చే జంటలను ఏరి కలపడమే ఈ పెంపకంలోని మూలసూత్రం.

కాలక్రమంలో పాలవంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు, బంగారు వన్నె కళ్లు ఈ జాతికి ప్రధాన లక్షణాలయ్యాయి. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవి సక్రమంగా పనిచేయడానికీ అవసరం కనుక, అవి లోపించిన తెల్ల కూనల్లో కొన్ని చెవిటివవుతాయి. మచ్చలున్న కూనలను తిరస్కరిస్తూ, దగ్గరి రక్తసంబంధం గల జంటలనే మళ్లీ మళ్లీ కలిపితే ఈ దోషం స్థిరపడుతుంది. వినికిడిని పరీక్షించి, దూరపు వంశాల నుంచి జంటను తెచ్చి, ఈతల వివరాలు రాసిపెట్టుకోవడమే దీనికి విరుగుడు.

జాతిని నిలబెట్టుకునే విషయంలో ఐర్లాండు చరిత్ర గొప్ప పాఠం చెబుతుంది. క్రీ.శ. 393 ప్రాంతంలో రోమను ప్రముఖుడు సిమ్మకస్, తనకు అందిన ఏడు ఐరిష్ జాగిలాలను చూసి నగరమంతా అబ్బురపడిందని లేఖ రాశాడు. తోడేళ్లను అణచడానికి ఇవి ఎంత అవసరమయ్యాయంటే, 1652లో వాటి ఎగుమతిని పాలకులు నిషేధించారు. 1786 నాటికి ఆ దీవిలో తోడేళ్లు అంతరించాయని చెబుతారు. పని పోవడంతో జాగిలాలూ క్షీణించాయి. 1862 నుంచి కెప్టెన్ జార్జ్ అగస్టస్ గ్రేహమ్ మిగిలిన వంశాలను సేకరించి, స్కాట్లండు డీర్‌హౌండ్, గ్రేట్ డేన్ వంటి జాతులతో కలిపి ఆ జాతిని పునరుద్ధరించాడు. 1885లో దానికి ప్రత్యేక సంఘం ఏర్పడింది.

రాజపాలయం జాగిలానికి గుర్తింపు కొరవడలేదు: 2005లో భారత తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేయగా, 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగం మన్ కీ బాత్‌లో దాన్ని ప్రస్తావించారు. అయితే గౌరవం ఒక్కటే వంశాన్ని కాపాడదు. అంతరించబోయిన జాతిని పరజాతుల సాయంతో మళ్లీ కూర్చుకోవలసి వచ్చిన ఐర్లాండుకు భిన్నంగా, రాజపాలయం చేతిలో ఇంకా సొంత వంశమే ఉంది. తెలుపుపై మోజును కొంత తగ్గించుకుని, వినికిడికీ ఆరోగ్యానికీ పనితనానికీ పెద్దపీట వేస్తేనే పెంపకందారులు ఆ వారసత్వాన్ని తర్వాతి తరానికి నిండుగా అప్పగించగలుగుతారు.