కిటికీ గట్టు 42 అంగుళాలు

హైదరాబాద్ అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి లైబ్రరీ వైపు కోచింగ్ సెంటర్ల వీధుల్లో తలెత్తి నడిస్తే ఫ్లెక్సీలు, వాటి వెనక గ్రిల్స్ బిగించిన కిటికీలు. చాలాచోట్ల కింద జిరాక్స్ షాపు, పైన స్టడీ హాలు, ఆపైన హాస్టలు. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి. ఈ కాలమ్ రాసే మనిషికి అక్కడ ఒకటే బెంగ: పొగలో ఆ మెట్లెక్కిన ఫైర్‌మన్ పైన కుప్పకూలితే ఎటునుంచి దించుతారు?

అనవసరపు బెంగేమీ కాదు. 2023 జనవరి 19న సికింద్రాబాద్ డెక్కన్ మాల్ తగలబడినప్పుడు పొగ పీల్చి ఫైర్ సిబ్బందే ఆస్పత్రి పాలయ్యారు. 2015 మేలో ముంబై కాల్బాదేవి అగ్నిప్రమాదం ఆ నగర ఫైర్ చీఫ్ సునీల్ నెస్రీకర్‌తో సహా నలుగురు అధికారులను పొట్టన పెట్టుకుంది.

పడిపోయినవాణ్ణి భుజానేసుకుని మంటల్లోంచి పరుగెత్తుకు రావడం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో చెల్లుతుంది. అసలు పనిలో ముందు చూసేది గాలి. సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూసి, తక్కువుంటే వెంట తెచ్చిన సిలిండర్‌కు కలుపుతారు. పొగలో మాస్కు తీయరు. తర్వాత వీపున ఉండే శ్వాస పరికరం (బి.ఎ. సెట్) నడుం పట్టీ విప్పి, కాళ్ళ మధ్య నుంచి తెచ్చి మళ్ళీ బిగిస్తారు. అలా చేయకుండా లాగితే సెట్టు తలవైపు జారిపోతుంది, మనిషి మాత్రం కదలడు. ఒకరు భుజం పట్టీలు పట్టి లాగుతారు, ఇంకొకరు కాళ్ళ దగ్గర నుంచి తోస్తారు.

ఇరుకైతే ఇదీ చాలదు.

1992 సెప్టెంబరు 28న అమెరికాలోని డెన్వర్‌లో ఫైర్‌మన్ మార్క్ లాంగ్‌వార్ట్ మేడ మీది గదిలో పడిపోయాడు. తోటివాళ్ళు కిటికీలోంచి దిగి అతన్ని చేరుకున్నారు. అయితే ఫైళ్ళ బీరువాల పక్కన సందు 28 అంగుళాలే, కిటికీ గట్టు ఎత్తు 42 అంగుళాలు. వంగి ఎత్తడానికి చోటు లేక బతికించుకోలేకపోయారు. ‘డెన్వర్ డ్రిల్’ అలా పుట్టింది: ఒకరు కిటికీ కింద గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు, రెండో వ్యక్తి అవతలి నుంచి సాయం పడితే, పడిపోయిన మనిషిని ఆ తొడల మీదుగా గట్టు ఎత్తుకు జరుపుతారు.

2001లో ఒక సూపర్‌మార్కెట్ మంటల్లో ఫైర్‌మన్ బ్రెట్ టార్వర్‌ను కోల్పోయాక అమెరికాలోనే ఫీనిక్స్ నగర అగ్నిమాపక శాఖ పరీక్షలు చేసి చూసింది. ఒక్కరిని బయటికి తేవడానికి 12 మంది, 21 నిమిషాలు పట్టింది. కాపాడబోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు తామే ఇబ్బందిలో పడ్డారు. అరగంట సిలిండరంటారు గానీ, బరువు లాగుతూ రొప్పే మనిషికి అది అరగంట రాదు. అందుకే కాపాడే జట్టు కేక వినిపించాక బయల్దేరితే లాభం లేదు. మొదటి నుంచీ గుమ్మంలో సిద్ధంగా ఉండాలి. ఉన్నంతసేపూ భవనం చుట్టూ తిరిగి రెండో దారి వెతకాలి, నిచ్చెన వేయాలి, గ్రిల్ కోయాలి.

మన కోచింగ్ సెంటర్ల సందుల్లో ఆ శ్రమ కొంత యజమానులే తగ్గించవచ్చు. అంతస్తుకొక గ్రిల్‌కైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించడం, మెట్ల కింద బైకులు తీయించడం, టెర్రస్ తాళం అందరికీ అందేచోట ఉంచడం వెల్డరుకో వాచ్‌మన్‌కో ఒక పూట పని.