దోమ ఛాతీలో గాజు సూది

దోమ కనిపిస్తే చప్పున చెయ్యెత్తే వాళ్లమే అందరం. అదే దోమను బతికించుకుంటూ దాని ఛాతీలోకి సూది దించే చేతులకు నేను దండం పెడతాను.

వైరస్‌ను దోమలోనే పెంచి పసిగట్టే ఈ పద్ధతిని 1974లో లియోన్ రోజెన్, డ్యూయేన్ గబ్లర్ డెంగీ కోసం వివరించారు. గొర్రెపిల్లల్ని చంపి, చూడి గొర్రెలు ఈసుకుపోయేలా చేసే రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్‌ను కూడా ఇలా పెంచవచ్చు. ముందు దోమను చల్లబరిచి కదలకుండా చేస్తారు. గాజు గొట్టాన్ని వేడిచేసి, వెంట్రుకంత సన్నగా సాగదీస్తారు. మైక్రోస్కోపు కింద ఛాతీ పక్కనున్న మెత్తటి పొరలో గుచ్చి, వైరస్ ఉందేమో చూడాల్సిన ద్రవాన్ని మైక్రోలీటరులో ఏ కొంత భాగమో ఎక్కిస్తారు. చెయ్యి వణికితే దోమ చచ్చినట్టే. తర్వాత చక్కెర నీళ్లు పెట్టి, వెచ్చని చోట కొన్నాళ్లు సాకుతారు. చివరికి తలను గాజు పలక మీద నలిపి, మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలు వేస్తారు. వైరస్ ఉంటే వెలుగుతుంది.

ఇందుకు టాక్సోరింకైటిస్ దోమ మేలు. పెద్దది, రక్తం తాగదు, తప్పించుకున్నా కుట్టదు. పెంపకమే కష్టం, పిల్లపురుగులు ఒకదాన్నొకటి తినేస్తాయి!

బతికున్న దోమకు బదులు దోమ కణాల్లోనూ వైరస్‌ను పెంచవచ్చు. పుణెలో శాస్త్రవేత్త కె.ఆర్.పి. సింగ్ 1967లో ఈడిస్ ఆల్బోపిక్టస్ దోమ కణాలను సీసాలో పెంచి చూపారు. వాటి నుంచే సి6/36 అనే కణాలు వచ్చాయి. మన గొర్రెల మందలను పీడించే నీలినాలుక వైరస్‌ను మోసేది దోమ కాదు, నలుసంత కుట్టే పురుగు. అయినా ఆ వైరస్ ఈ దోమ కణాల్లో చక్కగా పెరుగుతుంది.