మొదటి మూడు నిమిషాలకు సాక్ష్యమేది?

విశ్వం సుమారు 1380 కోట్ల సంవత్సరాల క్రితం అత్యంత వేడిగా, సాంద్రంగా ఉన్న స్థితి నుంచి విస్తరించిందని మీరు చదివే ఉంటారు. పరీక్షలో అడిగితే రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ ఇంట్లో తాతగారు "ఇదంతా చూసొచ్చిన వాళ్ళెవరు?" అని అడిగితే ఏం చెబుతారు? "శాస్త్రజ్ఞులు చెప్పారు తాతయ్యా" అంటే సరిపోదు. "సృష్టి ఎలా జరిగిందో మా పెద్దలూ చెప్పారు నాయనా" అని ఆయన అనగలరు. చెప్పినవాళ్ళ పేరు చూసి నమ్మేటట్లయితే ఈ రెండు మాటలకూ తేడా లేదు.

తేడా ఎక్కడుందో చూపించే పుస్తకం స్టీవెన్ వైన్‌బర్గ్ రాసిన 'ది ఫస్ట్ త్రీ మినిట్స్'. 1977లో వెలువడింది. రచయిత పరమాణువు కంటే చిన్నవైన కణాల మీద పనిచేసిన భౌతిక శాస్త్రజ్ఞుడు. ఆ కృషికి 1979లో అబ్దుస్ సలాం, షెల్డన్ గ్లాషోలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. ఇంత పాత పుస్తకాన్ని ఇప్పుడు చదవడం దండగ అనుకోకండి.

పుస్తకం ఉత్తర ఐరోపా పురాణంలోని ఒక సృష్టి కథతో మొదలవుతుంది. అందులో ఒక మహాకాయుడు, ఒక ఆవు ఉంటారు. వైన్‌బర్గ్ చెప్పబోయేది కూడా ఒక విధంగా సృష్టి కథే. అయితే ఆయన వెంటనే కథలోకి దిగరు. ముందు మూడు అధ్యాయాలు సాక్ష్యాలకూ, లెక్కకు కావలసిన సరంజామాకూ కేటాయిస్తారు. ఈ పుస్తకంలోని గొప్పతనమంతా ఆ వరుసలో ఉంది.

మొదటి ముఖ్య సాక్ష్యం ఆకాశంలోని వేడి. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ ఒక పెద్ద కొమ్ములాంటి యాంటెన్నాను పరీక్షిస్తున్నారు. ఎటు తిప్పినా, ఏ వేళ చూసినా ఒకే స్థాయిలో రొద నమోదవుతోంది. అందులో కాపురం పెట్టిన పావురాలను పట్టి దూరంగా పంపారు, రెట్టలు శుభ్రం చేశారు. రొద పోలేదు. సుమారు 3 కెల్విన్ ఉష్ణోగ్రతకు సరిపడే సూక్ష్మతరంగాలు అన్ని దిక్కుల నుంచీ వస్తున్నాయని 1965లో ప్రకటించారు. ఒకప్పుడు భగభగ మండిన విశ్వం విస్తరిస్తూ చల్లబడితే మిగలవలసిన వేడి ఇదే. 1989లో ప్రయోగించిన కోబే ఉపగ్రహం ఆ వికిరణపు వర్ణపటాన్ని కొలిస్తే, సిద్ధాంతం గీసిన వక్రరేఖ మీద అచ్చంగా కూర్చుంది.

రెండో సాక్ష్యం హీలియం. ఈ లెక్క మీరే వేయవచ్చు. మొదటి నిమిషాల వేడికి ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను కలిసినా వెంటనే విడిపోతాయి. ఉష్ణోగ్రత 90 కోట్ల డిగ్రీల దరిదాపులకు దిగాకే ఆ జంట నిలబడుతుంది. వైన్‌బర్గ్ లెక్కలో అది పావు తక్కువ నాలుగు నిమిషాలకు. పేరు వినసొంపుగా ఉంటుందనే పుస్తకానికి మూడు నిమిషాలని పెట్టానని ఆయనే లోపల ఒప్పుకుంటారు. అప్పటికి ప్రతి 16 కణాలలో సుమారు 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు మిగులుతాయి. రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. మిగతా 12 ప్రోటాన్లు హైడ్రోజన్‌గా ఉండిపోతాయి. 16లో 4 అంటే నాలుగో వంతు. కాబట్టి విశ్వంలోని మామూలు పదార్థంలో, బరువు ప్రకారం, దాదాపు 25 శాతం హీలియం ఉండాలి. నక్షత్రాల వల్ల ఎక్కువగా మార్పు చెందని వాయుమేఘాల వర్ణపటాలు పరిశీలిస్తే దాదాపు అంతే కనిపిస్తోంది. పది శాతమో, అరవై శాతమో అని తేలి ఉంటే సిద్ధాంతం అక్కడే కూలిపోయేది.

ఈ హీలియం కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణపటమాపకంతో గుంటూరు నుంచే పరిశీలించారు. అదే ఏడాది సూర్యకాంతిలోని ఒక పసుపు గీత సోడియానిది కాదని ఇంగ్లండులో లాకియర్ గుర్తించారు. ఆ గీతకు కారణమైన మూలకం 1895లో గానీ భూమి మీద చిక్కలేదు. దాని పేరే హీలియం. సూర్యుని వెలుగులో పట్టుబడ్డ మూలకమే విశ్వం బాల్యానికి సాక్షి అయింది.

చిన్న కణాల భౌతికశాస్త్రం, పెద్ద ఆకాశపు ఖగోళశాస్త్రం ఒకదాన్నొకటి ఎలా సరిచూస్తాయో మరో ఉదాహరణ చూడండి. న్యూట్రినోల రకాలు ఎక్కువైతే తొలి విశ్వం మరింత వేగంగా విస్తరించి, హీలియం పెరిగేది. ఆకాశంలోని హీలియంను బట్టి ఆ రకాలు మూడు, మహా అయితే నాలుగు ఉండవచ్చని ఖగోళ శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. 1989లో జెనీవా దగ్గర సెర్న్ కణత్వరణ యంత్రం మూడే అని తేల్చింది.

ఇక నాకు నచ్చని విషయాలు. వైన్‌బర్గ్ తొలి నిమిషాలను సినిమా రీలులోని బొమ్మల్లా చూపిస్తారు. మొదటి బొమ్మలో పదివేల కోట్ల డిగ్రీలు, తర్వాతి దానిలో మూడు వేల కోట్లు, ఇలా సాగుతుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ జోరులో ఇది లెక్క అన్న సంగతి మరచి, ఎవరో కెమెరా పట్టుకుని నిలబడ్డారని పిస్తుంది. ఇంత ధీమాగా రాయడం తనకే వింతగా ఉందని ఆయన మొదట్లో అంటారు. ఆ హెచ్చరిక ప్రతి బొమ్మ కిందా ఉంటే బాగుండేది.

తెలుగులో మనకు ఇంకో చిక్కుంది. 'మహావిస్ఫోటనం' అనగానే దీపావళి బాంబు మనసులో మెదులుతుంది. బాంబుకు ఒక చోటు, చుట్టూ ఖాళీ ఉంటాయి. విశ్వానికి అలాంటి మధ్యబిందువు లేదు. గెలాక్సీల మధ్య దూరాలు అంతటా పెరుగుతున్నాయి. వైన్‌బర్గ్ ఈ సంగతి స్పష్టంగానే చెప్పారు. మన పాఠ్యపుస్తకాల మాటే దాన్ని కప్పేస్తోంది.

చివరి అధ్యాయం రెండు విధాలుగా బలహీనం. గురుత్వాకర్షణ వల్ల విస్తరణ మందగిస్తుందని, అది ఎప్పటికైనా ఆగుతుందా లేదా అన్నదే ప్రశ్న అని అందులో ఉంది. 1998లో దూరపు సూపర్‌నోవాలను పరిశీలించాక విస్తరణ వేగం పుంజుకుంటోందని తెలిసింది. నేటి లెక్కల్లో మామూలు పదార్థం సుమారు 5 శాతమే. ఇది రచయిత తప్పు కాదు, కాలం తెచ్చిన మార్పు. రెండోది మాత్రం ఆయన బాధ్యతే. విశ్వం అర్థమయ్యేకొద్దీ దానికి ప్రయోజనమేదీ కనబడదన్న భావం ముగింపులో వ్యక్తం చేస్తారు. పుస్తకమంతా కొలతకు అందని మాట అనకుండా వచ్చిన మనిషి, ఏ యాంటెన్నాకూ అందని తీర్పు ఇవ్వడం నాకు సబబుగా తోచలేదు. అర్థం చేసుకోవాలన్న ప్రయత్నమే మనిషి బతుకును కొంత పైకెత్తుతుందని వెంటనే అనడం ఆయనకూ వెలితి తెలుసునని చూపుతుంది.

ప్రశ్నించడానికి ఇంకా చోటుందా అంటే, ఉంది. 2025లో మరణించిన మన జయంత్ నార్లికర్ ఈ సిద్ధాంతాన్ని జీవితాంతం ప్రశ్నించారు. 1993లో హాయిల్, బర్బిడ్జ్‌లతో కలిసి ప్రత్యామ్నాయమూ ప్రతిపాదించారు. ఎక్కువమంది దాన్ని అంగీకరించలేదు. అయితే ఆయన కూడా సూక్ష్మతరంగాలకూ, హీలియానికీ వేరే వివరణ ఇవ్వడానికి పూనుకున్నారు. సాక్ష్యాన్ని పక్కన పెట్టలేదు.

ఇంటర్ చదివేవారు ఈ పుస్తకంలో మూడో అధ్యాయంతో మొదలుపెట్టండి. డిగ్రీవారు చివరనున్న గణిత అనుబంధం వదలకండి. ఎదురైన ప్రతి అంకె పక్కనా 'ఎలా తెలిసింది?' అని పెన్సిలుతో రాసుకుని, జవాబు దొరికిన వాటికి టిక్కు పెట్టండి. టిక్కు పడని అంకెలను మాస్టారిని అడగండి.