గడువు తీరాక

ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర ధర పేటెంట్ తీరేదాకా 60 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2025 మార్చి 11న మన దేశంలో ఆ పేటెంట్ తీరింది. ఆ వెంటనే పదుల కొద్దీ బ్రాండ్లు దిగాయి, కొన్ని పది రూపాయల లోపే. మనకిది కొత్తేమీ కాదు.

అమెరికాలోనూ పేటెంట్ ఇరవై ఏళ్లే. కానీ అక్కడ గడువు తేదీని బట్టి జనరిక్ వచ్చే రోజు చెప్పలేం. 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం కింద ఏ కంపెనీ అయినా పేటెంట్‌ను ముందే సవాలు చేయొచ్చు. అసలు కంపెనీ దావా వేస్తే అనుమతి 30 నెలల దాకా ఆగుతుంది. మొదట సవాలు చేసినవారికి మాత్రం 180 రోజులు ఇతర కంపెనీల జనరిక్‌ల పోటీ ఉండదు. 2001లో ప్రొజాక్ 40 మిల్లీగ్రాముల జనరిక్‌కు ఆ అవకాశం మన డాక్టర్ రెడ్డీస్‌కే దక్కింది. ఇక్కడ అలాంటి బహుమతి లేదు, అందుకే అందరూ ఒకేరోజు ఎగబడతారు.

అక్కడ పేటెంట్ ఇచ్చాక కొట్లాడితే, ఇక్కడ ఇవ్వకముందే కొట్లాట. పాత మందుకు కొత్త రూపమిచ్చి, గుణం పెరిగిందని చూపకపోతే మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) ఒప్పుకోదు. నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్ స్ఫటిక రూపానికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంట్ నిరాకరించింది అందుకే. అమెరికాలో ఆ రూపానికీ పేటెంట్ ఉండేది. దాంతో మూల పేటెంట్ 2015 జులైలో ముగిసినా, సన్ ఫార్మా జనరిక్ రాజీ ప్రకారం 2016 ఫిబ్రవరిలో గానీ రాలేదు.

ఇంకో విషయంలోనూ రెండు చట్టాలదీ ఒకే దారి. జనరిక్ కంపెనీలు గడువులోనే మాత్రలు చేసి, పరీక్షించి, కాగితాలు సమర్పించుకోవచ్చు, అమ్మకూడదంతే. ఈ వెసులుబాటు లేకపోతే గడువు తీరాక కూడా కొన్నేళ్లు పాత ధరే నడిచేది.

అలాగని మన చట్టాలను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో డాక్టరు బ్రాండ్ రాసినా, వద్దని ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఫార్మసిస్టు జనరిక్ ఇవ్వొచ్చు. ఇక్కడ చీటీలో ఉన్న బ్రాండే ఇవ్వాలి. చవక మాత్ర పక్క అరలోనే ఉన్నా రోగికి అందదు.

గ్లివెక్ కేసులో నోవార్టిస్‌తో తలపడినవారిలో హైదరాబాద్ నాట్కో ఒకటి. అదే నాట్కో అమెరికాలో క్యాన్సర్ మందు లెనలిడొమైడ్ విషయంలో రాజీకొచ్చింది. 2022 మార్చి నుంచి పరిమితంగా అమ్మకం, హద్దుల్లేకుండా అమ్మాలంటే 2026 జనవరి 31 దాకా ఆగాలన్నది ఒప్పందం. అక్కడ పేటెంట్ గడువుకన్నా ముందు సరుకు దింపే దారి అదొక్కటే అనుకున్నారేమో.