డిగ్రీ పుస్తకంలో మన ఊరు

కొండ దిగి రాజమండ్రి వచ్చి డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివే మన పిల్లల చేతుల్లో మేము ఎక్కువగా చూసేది గైడు. అందులో ప్లేటో ఉంటాడు, ప్రచ్ఛన్న యుద్ధం ఉంటుంది, ఐక్యరాజ్యసమితి అంగాలు ఆరూ ఉంటాయి. అయిదో షెడ్యూలు మాత్రం ఒక పేరాతో సరి. మన భూమికి రక్షణ దాని నుంచే వచ్చింది కదా!

అంతర్జాతీయ సంబంధాలు అనగానే వాషింగ్టన్, మాస్కో గుర్తొస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన 107వ ఒడంబడికను మన దేశం 1958లోనే ఆమోదించింది. ఆదివాసులను తరలించక తప్పకపోతే పాత భూమికి తీసిపోని భూమి ఇవ్వాలని దాని 12వ అధికరణం అంటుంది. (దేశాభివృద్ధి పేరుతో తరలించే వెసులుబాటూ అందులోనే ఉంది, అదీ చదవాలి.) పోలవరం ముంపు ఊళ్ల పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంది? 1989 నాటి 169వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. ఎందుకని తరగతిలో అడగాలి.

జీవో 3 కూడా ఇలాంటిదే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయిదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారం ఎంతవరకు అన్న చర్చంతా ఆ తీర్పులో ఉంది. పరీక్షకు అదొక్కటి చదివినా చాలు.

మాస్టార్లూ, ప్రాజెక్టు వర్కుకు నెట్‌లో దింపిన పేజీలు వద్దు. ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకం చూసి రమ్మనండి. ఏం రాశారో, ఎవరు రాయించారో, వేలిముద్రలు ఎవరివో పిల్లలే చెబుతారు.