వెళ్ళిందా, వెళ్ళొచ్చిందా?

మాస్కోలో జనవరి ఉదయం ఏ కిండర్‌గార్టెన్ గేటు దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే, రష్యన్ వ్యాకరణంలో అందరూ భయపడే అధ్యాయం కళ్ళముందే సాగిపోతుంది. ఒకావిడ పిల్లవాణ్ణి చంకనేసుకుని తెస్తోంది. ఆమె చేస్తున్న పనికి రష్యన్‌లో ‘నిస్యోత్’ అనాలి. వెనకాలే ఒక తండ్రి కూతుర్ని వేలు పట్టి నడిపించుకొస్తున్నాడు. అతను చేసేది ‘విద్యోత్’. ఇంకాస్త వెనక ఒక బామ్మ, మంచు మీద జారే చిన్న చెక్కబండిలో మనవణ్ణి కూర్చోబెట్టి తాడుతో లాక్కొస్తోంది. అది ‘విజ్యోత్’. తెలుగులో ముగ్గురి గురించీ కలిపి “పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నారు” అనేసి ఊరుకోవచ్చు. రష్యన్‌లో నోరు తెరిచే ముందు ఆ పిల్లల కాళ్ళెక్కడున్నాయో చూడాలి: నేల మీదా, పెద్దవాళ్ళ చేతుల్లోనా, బండిలోనా?

ఈ గమన క్రియల్ని పట్టికలేసి బట్టీ పట్టించడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అలా నేర్చినవి పరీక్ష దాటేదాకే నిలుస్తాయి. కదలికను ముందు మనసులో బొమ్మ కట్టుకుని, తర్వాత మాట వెతుక్కునేవాళ్ళకే అవి ఒంటబడతాయి.

బొమ్మలో మొదట చూడాల్సింది గీత. పాఠ్యపుస్తకాలు సాధారణంగా పద్నాలుగు జంటలు చెబుతాయి. నడవడం, బండి మీద పోవడం, పరుగెత్తడం, ఎగరడం, ఈదడం, పాకడం, మొయ్యడం ఇలా. ప్రతి జంటలో ఒక క్రియ బాణంలాంటిది. ఒకే దిక్కు, ఒకే సారి, ఇప్పుడు దారిలో ఉన్న కదలిక. రెండోది మిగతా అన్నింటికీ: రాకపోకలు, రోజువారీ అలవాటు, ఊరికే తిరగడం, అసలు ఆ పని చేతనవడం. దక్షిణానికి సాగుతున్న కొంగల బారును చూసి ఒక క్రియ వాడతారు, గుడి గోపురం చుట్టూ తిరిగే పావురాలకు ఇంకొకటి. “ఇదూ” అంటే ఇప్పుడు నడిచి వెళ్తున్నాను, “ఖజూ” అంటే వెళ్తుంటాను. ఏడాది నిండిన బిడ్డ అడుగులు వేస్తే తల్లి మురిసిపోతూ వాడేది ఈ రెండో క్రియనే, ఎందుకంటే వాడు ఎటూ వెళ్ళడం లేదు, వాడికి నడక వచ్చింది.

అసలు అందం భూతకాలంలో ఉంది. అమ్మ బజారుకి ‘పష్లా’ అంటే బయల్దేరింది, ఇంట్లో లేదు. ‘ష్లా’ అంటే దారిలో ఉండగా, ఇంకా ఏదో జరిగిన కథ చెప్పబోతున్నామన్నమాట. ‘ఖదీల’ అంటే వెళ్ళొచ్చింది, సంచీ వంటింట్లో ఉంది. తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. గడప దాటుతూ “పోతాను” అనకూడదని, “వెళ్ళొస్తాను” అనాలని మనకి చిన్నప్పుడే నేర్పుతారు. రొట్టె కోసం వీధి చివరిదాకా వెళ్ళే రష్యన్ “స్ఖజూ” అంటాడు. సరిగ్గా అదే: వెళ్ళొస్తా. మన మాటలో శుభం కోరుకోవడం ఉంది, వాళ్ళ మాటలో పని ముగించుకు రావడం ఉంది. తిరుగుదారి రెండింట్లోనూ ఉంది.

అయితే మనం ప్రాణంలా చూసుకునే ఒక తేడాని రష్యన్ ఈ మూలక్రియల్లో పట్టించుకోదు. మనకి రావడం వేరు, వెళ్ళడం వేరు. వంటింట్లోంచి కేక వినబడితే “వస్తున్నా” అంటాం, రష్యన్ “ఇదూ” అంటాడు. బయటికి వెళ్తూ కూడా అదే “ఇదూ”. ఎటు అన్నది సందర్భమే చెబుతుంది, లేదా ఉపసర్గ చెబుతుంది.

ఉపసర్గ అనగానే మన చదువు అక్కరకొస్తుంది. ఆహారం, విహారం, సంహారం ఒకే ధాతువు నుంచి ఎలా వచ్చాయో బళ్ళో నేర్చుకున్నవాళ్ళకి రష్యన్ పద్ధతి పాత చుట్టంలా కనిపిస్తుంది. నిజంగానే చుట్టరికం ఉంది. బామ్మ బండి లాగిన ‘విజ్యోత్’లో ఉన్నది వాహనంలోని ‘వహ్’ ధాతువుకి తోబుట్టువు. ‘ఇదూ’ మూలం ఉత్తరాయణంలోని అయనానికి బంధువు. ఈదడానికి వాడే ‘ప్లావత్’ మన ప్లవ నామ సంవత్సరంలోని ప్లవకి దగ్గరిది.

ఇక ఉపసర్గ చేసే పని చూడండి. ఆఫీసుకి ఫోన్ చేసి ఒకాయన ఉన్నారా అని అడిగితే, “వీషెల్” అన్న జవాబుకి ఇప్పుడే గది బయటికి వెళ్ళారు, కాసేపాగి చెయ్యండి అని అర్థం. “ఉషోల్” అంటే వెళ్ళిపోయారు, ఇవాళ్టికి ఆశ వదులుకోవచ్చు. హాస్టల్లో పక్క గది అబ్బాయి “నీ కోసం మీ స్నేహితుడు ప్రిషోల్” అంటే అతను వచ్చి ఇక్కడే ఉన్నాడు. “ప్రిఖదీల్” అంటే వచ్చాడు, నువ్వు లేకపోతే వెళ్ళిపోయాడు. ఒక్క క్రియలో రాక, నిరాశ, తిరుగు ప్రయాణం మూడూ ఉన్నాయి. రష్యాలో వైద్యం చదివే మన పిల్లలకి ఈ తేడా తరగతిలో కంటే హాస్టల్ తలుపు దగ్గరే ముందు తెలిసొస్తుంది.

1961 ఏప్రిల్ 12న రాకెట్ లేస్తుండగా గగారిన్ అన్న “పయేఖలి” కూడా ఈ కుటుంబపు మాటే. ‘ప’ బయల్దేరడాన్ని చెబుతుంది, మిగతాది బండెక్కి వెళ్ళడాన్ని. అంతరిక్షానికి పోతూ ఎగిరే క్రియ వాడలేదాయన. ఊరికి కారులో బయల్దేరే కుటుంబం అనే మాటే అన్నాడు. పైగా రూపం భూతకాలం, భావం ‘పదండి’. ఇంకా వీధి మలుపు తిరక్కుండానే ఫోన్‌లో “ఇదిగో వచ్చేశా” అనే మనకి ఆ తొందర అర్థమవుతుంది.

నడిచే క్రియ వానకీ, మంచుకీ, గడియారానికీ, సినిమాకీ కూడా పనికొస్తుంది. చీర నప్పితే అది నీకు ‘ఇద్యోత్’ అంటారు. అదృష్టం కలిసొస్తే నాకు ‘విజ్యోత్’ అంటారు. కర్త ఉండడు. ఎవరో కనబడనివాళ్ళు బండిలో కూర్చోబెట్టి లాక్కెళ్తున్నారన్నమాట. నాకు చాలా ఇష్టమైన వాడుక ఇది.

మన దగ్గరిదాకా వచ్చిన గమన క్రియ ఒకటుంది. 15వ శతాబ్దంలో త్వేర్ పట్టణపు వర్తకుడు అఫనాసీ నికీతిన్ బహమనీల రాజధాని బీదరులో నెలల తరబడి ఉన్నాడు. అదే బీదరు తర్వాత 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. కాస్పియన్, అరేబియా, నల్ల సముద్రాలు దాటిన ఆ ప్రయాణాన్ని అతను రాసిపెట్టుకున్న పుస్తకానికి ‘మూడు సముద్రాల ఆవలికి ఖజ్దేనియె’ అని పేరు. పుణ్యక్షేత్రాలు తిరిగొచ్చినవాళ్ళ రాతలకి పాత రష్యాలో ఉన్న పేరే అది. అందులోని ధాతువు ‘ఖదీల’లోనిదే, వెళ్ళొచ్చిన అమ్మ క్రియ. నికీతిన్ మాత్రం ఇల్లు చేరలేదు. రాత ప్రతిని వర్తకులు మాస్కో చేర్చారు, దాన్ని 1475 నాటి పద్దు కింద చరిత్ర గ్రంథంలో ఎక్కించారు. అతను స్మొలెన్స్క్ చేరకుండానే చనిపోయాడని అక్కడ రాసినవాడు వాడిన క్రియ కూడా నడకదే, ముందు ‘దో’ అన్న ఉపసర్గతో. గమ్యందాకా అని ఆ ఉపసర్గకి అర్థం. దానికి ముందు ‘కాదు’ అని ఒక చిన్న మాట.