కుట్టు మానింది, పోటు మానలేదు

‘హెర్నియా ఆపరేషన్ తర్వాత వారంలో మామూలు మనిషి’ అని మా వీధి చివర హోర్డింగు వెలిసింది. కానీ దాని కిందే, టీ కొట్టు బెంచీ మీద, మా బావగారు ఒక పక్కకి ఒరిగి కూర్చుని టీ తాగుతున్నారు. హెర్నియాకి గజ్జల్లో మెష్ అనే వల వేసి ఏడాది దాటింది. స్కూటర్ కిక్కు కొడితే ఇప్పటికీ జివ్వుమని తొడలోకి పాకుతుందట. స్కానింగులో ఏమీ లేదని, అంతా మీ మనసులోనే ఉందని ఒక డాక్టరు తేల్చేశాడు.

గజ్జల దారిలో మూడు సన్నటి నరాలు పోతాయి. కుట్టులోనో, మెష్ చుట్టూ గట్టిపడిన కండలోనో ఒకటి చిక్కుకున్నా చాలు, మంట, పోటు, తిమ్మిరి. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక నొప్పి కిందే లెక్క. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం చెప్పుకోదగ్గ నొప్పి నూటికి 10-12 మందికి మిగులుతుంది. కాలం గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతుంది కూడా.

మా పెదనాన్న హెర్నియా ఉన్నా అసలు కత్తే వద్దన్నాడు. తెల్లారుతూనే వెల్లకిలా పడుకుని, ఉబ్బుని లోపలికి నెట్టుకుని, తోలు బెల్టు బిగించేవాడు. ఆ పని అయ్యేదాకా గదిలోకి ఎవరూ పోకూడదు. పెద్దమ్మ కాఫీ గ్లాసు గుమ్మం బయటే పెట్టేది. ఆ బెల్టుతోనే అరక దున్నాడు, తిరుమల కొండ నడిచి ఎక్కాడు. అందుకే ‘కోయించుకోకండి’ అని రాద్దామనే కూర్చున్నాను. పెద్దగా బాధ లేని మగవాళ్లు ఆగినా ప్రమాదం తక్కువేనని అమెరికాలో 2006లో వచ్చిన అధ్యయనం కూడా నాకు వత్తాసే.

తీరా చూస్తే, అలా ఆగినవాళ్లలోనూ పదేళ్లలో దాదాపు 68 శాతం ఆపరేషన్‌కి వచ్చేశారు. ఎక్కువమంది చెప్పిన కారణం నొప్పే. పెదనాన్న చివరేళ్లలో పొలానికి పోవడం మానేస్తే మేం వయసు అనుకున్నాం. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మెష్‌ని తిట్టీ లాభం లేదు. అది వచ్చాకే హెర్నియా తిరగబెట్టడం తగ్గింది. మెష్ లేకుండా కుట్టినా నరం చిక్కుకోవచ్చు. మత్తు ఇంజెక్షన్‌తో ఏ నరమో పట్టుకుని, అవసరమైతే దాన్ని కత్తిరించే సర్జన్లున్నారు. బావగారిని అటు పంపుతున్నాను.

వయసులో ఉన్నవాళ్లకీ, ముందునుంచే నొప్పి ఉన్నవాళ్లకీ ఈ బెడద ఎక్కువ. కాబట్టి తేదీ ఖాయం చేసుకునే రోజే సర్జన్‌ని అడగండి: మీ దగ్గర చేయించుకున్నవాళ్లలో ఏడాది తర్వాత ఎందరికి నొప్పి మిగిలింది? జవాబు రాకపోతే ఇంకో సర్జన్‌ని కూడా కలవండి.